మనసు దవాఖానలో కొలువు

నా చదువు పేరు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. ఫిజీషియన్ అసిస్టెంట్. హైదరాబాదులో కోర్సు పూర్తిచేసుకుని, మర్రిగూడ దగ్గర మా ఊళ్లో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, మా వాకిట్లో కూర్చుని ముచ్చట్లాడుతున్న ఆడవాళ్లు నన్ను ఆపి అడగడం మొదలుపెట్టారు.

"డాక్టరమ్మవైనవా బిడ్డా?"

"కాదు పెద్దమ్మా."

"అయితె నర్సమ్మవా?"

"నర్సును గూడ కాదు."

"మరేందే?"

చేతనైనంతలో వివరించాను. రోగి రాగానే ముందు నేను కూర్చుని మాట్లాడతాను, జబ్బు ఎట్లా మొదలైందో అడిగి రాస్తాను, పరీక్ష చేస్తాను, డాక్టరు మందులు రాశాక అవి పని చేస్తున్నాయా లేదా అని చూసుకుంటాను అని చెప్పాను. వాళ్లు తల ఊపారు కానీ, నాకు డాక్టరు సీటు రాలేదు పాపం అనే జాలి వాళ్ల ముఖాల్లో కనిపిస్తూనే ఉంది.

మా బాపు మంచం మీద కూర్చుని ఇదంతా విన్నాడు. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన చాలామందిలాగే ఆయనకూ నడుము, మెడ బిగుసుకుపోయాయి. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. అట్లా తిరిగి ఆడవాళ్లతో అన్నాడు.

"డాక్టరు చెయ్యి అనుకోర్రి. చెయ్యి లేకుంటె డాక్టరు ఏం జేస్తడు?"

అంతకంటే బాగా నా ఉద్యోగం గురించి మా కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు.

అవి కొత్తగా రాష్ట్రం వచ్చిన రోజులు. నాతో చదివినవాళ్లంతా హైదరాబాదులో పెద్ద ఆసుపత్రులకు, గుండె ఆపరేషన్ల థియేటర్లకు దరఖాస్తు పెట్టుకున్నారు. నాకూ ఆ దారి ఉండేది. కానీ ఇంటర్న్‌షిప్‌లో ఒక్కో వార్డు తిరుగుతూ మానసిక రోగుల వార్డుకు వెళ్లినప్పుడు నా మనసు మారిపోయింది.

ఆ వార్డంటే మాలో చాలామందికి భయం. నేనూ భయపడుతూనే వెళ్లాను. అక్కడ ఒక నడివయసు మనిషి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పొద్దున్నే ఆయనకు బీపీ చూడటం, మందులవల్ల చేతులు వణుకుతున్నాయా, బిగుసుకుంటున్నాయా అని చూడటం నా పని. ఏం అడిగినా జవాబు లేదు. ఊరికే ఉండలేక, చేతికి బీపీ పట్టీ చుడుతూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. బస్సు ఆలస్యమైందని, హాస్టల్లో ఉప్మా మాడిందని. ఒకరోజు పట్టీ విప్పుతుంటే, గోడ వైపే చూస్తూ ఆయన అడిగాడు.

"తిన్నవా?"

అంతే. నేను పట్టీ చేతిలో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్లో కూడా పనిచేశాను, చాలా నేర్చుకున్నాను. కానీ ఆ ఒక్క మాట విన్నప్పటి సంతోషం మళ్లీ దొరకలేదు.

అందుకే, సర్కారు కొలువు నుంచి రిటైరైన ఒక మానసిక వైద్యురాలు నల్లగొండలో చిన్న ఆసుపత్రి పెట్టారని, అసిస్టెంట్ కోసం చూస్తున్నారని తెలియగానే వెళ్లాను. ఆమెది రామన్నపేట. నా సర్టిఫికెట్లు తిరగేసి పక్కన పెట్టి ఒక్కటే అడిగారు.

"కుర్చీల ఎంతసేపు కూసోగల్గుతవ్?"

నాకు అర్థం కాలేదు.

"ఎదురుంగ ఉన్న మనిషి ఏం మాట్లాడకున్నా కూసోవాలె. ఫోన్ సూడొద్దు. గడియారం సూడొద్దు. కూసుంటవా?"

"కూసుంట మేడం."

"అయితె రేపట్నుంచి రా."

ఇంట్లో చెబితే అమ్మ గిన్నె తోముతున్నదల్లా ఆపేసింది. "పిచ్చి దవాఖాననా? అడిగినోళ్లకు ఏమని చెప్పాలె?" అంది. బాపు వద్దనలేదు, సరే అనలేదు. ఎవరైనా అడిగితే మాత్రం "నల్లగొండల దవాఖానల చేస్తుంది" అని చెప్పి, ఏ దవాఖానో చెప్పకుండా మాట మార్చేవాడు. నాకు తెలుసు.

మొదటి రోజు ఒక పెద్దామె వచ్చింది. ఆమెతో మాట్లాడి, పుస్తకంలో నేర్చుకున్నట్టు ఇంగ్లీషులో లక్షణాలన్నీ రాసి మేడం ముందు పెట్టాను. చదివి తల ఎత్తారు.

"ఆమె ఏమన్నది?"

"రంది పట్టుకుంది అన్నది మేడం."

"అయితె ముందు గదే రాయి. నీ ఇంగ్లీషు తర్వాత."

మా దిక్కు డిప్రెషన్ అని ఎవరూ అనరు. రంది అంటారు, మనాది అంటారు, గుబులైతుంది అంటారు. ఈ మాటలన్నీ పుట్టినప్పటి నుంచీ విన్నవే. అవి ఒకటి కావని నేర్పింది మేడమే. పంట పోయిందనో, కొడుకు మాట్లాడట్లేదనో చెప్పుకోగలిగే దిగులుంటే మనిషి రంది అంటాడు. ఎవరికీ చెప్పుకోకుండా లోపల పెట్టుకుని ఏళ్లకేళ్లు నలుగుతుంటే మనాది అంటారు. గుండె దడదడలాడి ఊపిరి ఆడకపోతే అది గుబులు. ఆ మాట దగ్గర ఆగి, ఎప్పటి నుంచి, ఎందుకు అని అడిగితే మనిషి తనంతట తానే మిగతాది చెబుతాడు. మందులు రాసేది మేడమే. కానీ ఆ మొదటి మాటల సమయం నాది. దానికి తొందరపెట్టేవారు కాదు. బయట బెంచీల నిండా మనుషులున్నా సరే.

ఆ మరుసటి వానాకాలం, పత్తిచేలలో కలుపు తీసే రోజుల్లో, ఒక పొద్దున ఆటోలో ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. వాళ్లది మా పక్క ఊరే. తొలి కాన్పు అయి నెల కూడా కాలేదు. జుట్టు విడిపోయి ఉంది, కొంగు నేల మీద జీరాడుతోంది. వెనకాల ఆమె అత్త, చేతుల్లో పసిపాప. భర్త ఆటో దగ్గరే ఆగిపోయాడు.

అత్తే చెప్పింది. "కండ్లు మూస్తలేదు మేడం. పిల్లకు పాలియ్యదు. గీ పిల్ల నా పిల్ల గాదంటది, ఎవరో మార్చిర్రంటది. ఊళ్లె అందరు గాలి సోకిందంటున్రు. మంత్రం ఏసే ఆయన దగ్గరికి పోదామని బైలెల్లినం. మా ఊరి ఆశా వర్కరమ్మ అడ్డం తిరిగి, ముందు ఈడ సూపియ్యుర్రి అన్నది."

అమ్మాయిని లోపలి గదిలోకి తీసుకెళ్లాను. కూర్చోమంటే కూర్చోలేదు. మూలకు వెళ్లి నిలబడింది. నేను కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె కూడా మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"నీది ఏ ఊరు?" అని తనే అడిగింది.

చెప్పాను.

"మా పక్కూరే. నా పిల్ల యాడుందో నీకు తెలుసా?"

"నీ పిల్ల ఎట్లుంటదో చెప్పు. నేను ఇంట."

చెప్పింది. తన పిల్ల ఏడవదట. బయట ఉన్నది ఎప్పుడూ ఏడుస్తుందట. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "నిద్ర లేక నాకే గిట్ల అనిపిస్తుందా అక్కా?" అంది. ఆ కళ్లలో భయం ఇప్పటికీ నాకు గుర్తుంది.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చదువుకున్నప్పుడు అది పుస్తకంలో ఒక వాక్యం. ఎదురుగా కూర్చున్న మనిషిని అడగడం వేరు. అయినా అడిగాను.

"గా బయటున్న పిల్లను ఏమన్న చెయ్యాలనిపిస్తుందా?"

ఆమె నా ముఖంలోకి చూడకుండా చెప్పింది. "బాయిల ఏస్తె నా పిల్ల నాకొస్తదని ఎవరో చెవుల చెప్తున్నట్టుంటది."

నర్సును ఆమె పక్కన కూర్చోబెట్టి నేరుగా మేడం దగ్గరికి వెళ్లాను. మేడం చేతిలో పని వదిలేసి వచ్చి ఆమెతో మాట్లాడి, తర్వాత అత్త ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఇది గాలి గాదమ్మా. కాన్పైనంక కొందరికి వచ్చే జబ్బు. మందులతోని తగ్గుతది. కని ఇయ్యాల ఇంటికి తోల్కపోతె తల్లికి, పిల్లకు ఇద్దరికీ ముప్పే. ఈన్నే ఉంచుర్రి."

అత్త, ఆటో దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డ కొడుకును చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వు మా దిక్కు పిల్లవే గద. మీ అక్కకు గిట్లయితె ఏం జేస్తవ్?"

"ఈన్నే ఉంచుత పెద్దమ్మా."

ఆమె "నువ్వు పోయి చేను సూస్కో" అని కొడుకును పంపించి, పాపను ఒళ్లో సర్దుకుని బెంచీ మీద కూర్చుంది.

మందులు మొదలయ్యాక ఆ అమ్మాయి ముందు నిద్రపోయింది. తర్వాత తినడం మొదలుపెట్టింది. పాపకు డబ్బా పాలు ఎట్లా కలపాలో అత్తకు నేర్పాను. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పాపను తల్లి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. మాలో ఒకరు పక్కనే ఉండేవాళ్లం. ఆమె పాపను చూసేది కానీ తాకేది కాదు. నేను రోజూ ఏం చూశానో రాసి మేడంకు చెప్పేదాన్ని. మేడం మందు మోతాదు సరిచేసేవారు. తొందరలేదు, తొందరలేదు అనేవారు, నాకు చెబుతున్నారో తనకు తాను చెప్పుకుంటున్నారో తెలిసేది కాదు.

ఒక పొద్దున నేను వెళ్లేసరికి అత్త కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. కోడలు మంచం మీద నుంచి చూస్తోంది. ఉన్నట్టుండి అంది.

"తలకు గంత నూనె పెడ్తరా అత్తా? కండ్లల్ల పడ్తది."

అత్త చెయ్యి ఆగిపోయింది. కోడలు మంచం దిగి వచ్చి, తన కొంగుతో పాప నుదురు తుడిచి, అట్లాగే ఎత్తుకుంది. అత్త నా వైపు చూసి, నూనె గిన్నె మూత వెతుక్కుంటూ ఉండిపోయింది. నేను వెళ్లి మేడంకు చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రాయి. ఆమె ఎట్లన్నదో అట్లనే రాయి."

వాళ్లు ఇంటికి వెళ్లాక అంతా సాఫీగా జరిగిపోలేదు. కొన్ని నెలలకు అత్త ఫోన్ చేసింది. కోడలికి మళ్లీ నిద్ర పట్టడం లేదు. నేను ఆదివారం ఊరికి వెళుతూ దారిలో వాళ్లింటికి వెళ్లాను. బాగైంది కదా అని భర్తే మందులు మాన్పించాడట. అతనితో మాట్లాడటం అదే మొదలు.

"మందులు మింగుతుంటె ఊరంత పిచ్చిది అంటరు మేడం" అన్నాడు తల వంచుకుని.

"మా బాపు నడుముకు మందులు మింగుతడు. ఎవ్వరన్న ఏమన్న అంటున్రా ఆయన్ను?" అన్నాను.

అతను లోపలికి వెళ్లి మందుల షీటు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి మేడం చాలు అనేవరకూ ఆ మందులు అత్త చేతి మీదుగానే నడిచాయి. మరుసటి ఏడు పాప మా ఆసుపత్రి వరండాలో తప్పటడుగులు వేసింది.

పక్క ఊళ్లో బాపు నడుము గురించి నేనన్న మాట మా ఊరికి చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. కొన్నాళ్లకు, బెంచీల మీద మనుషులు నిండుగా ఉన్న ఒక ఉదయం, మా బాపు ఆసుపత్రి గుమ్మంలో కనిపించాడు. ఆయన బస్సు ఎక్కి కూర్చోవడమే కష్టం. పక్కన మా వాడకట్టు రైతు ఒకాయన, తిండి మానేసి గుంజలా ఎండిపోయి ఉన్నాడు. నేను కంగారుగా ఎదురు వెళితే బాపు నన్ను ఆపాడు.

"నాకేం గాలె. గీయిన్ను తోల్కొచ్చిన. పత్తి పోయినకాడికెల్లి రంది పెట్టుకున్నడు. ఎవ్వల్తోని మాట్లాడ్తలేడు."

ఆ రైతు చుట్టూ చూస్తూ గొణిగాడు. "గిది పిచ్చి దవాఖాన గదనే?"

బాపు ఒళ్లంతా తిప్పి ఆయన వైపు చూశాడు. బెంచీల మీద ఉన్నవాళ్లందరికీ వినిపించేట్టు చెప్పాడు.

"మనసు దవాఖాన. నా బిడ్డ ఈన్నే చేస్తది. నడుము నొస్తె నడుముకు సూపిస్తం, మనసు నొస్తె ఈడ సూపిస్తం. కూసో."

నేను ఆ రైతును లోపలికి తీసుకెళ్లాను. తలుపు మూసేటప్పుడు చూస్తే, బాపు పక్కనున్న ముసలాయనకు నా చదువు గురించి వివరిస్తున్నాడు.

కొన్నేళ్లు గడిచాయి. నల్లగొండలో ఒక పారామెడికల్ కాలేజీ వాళ్లు మానసిక వైద్యం పాఠం చెప్పడానికి మేడంను రమ్మని అడిగారు. ఆమె నన్ను చూపించారు. "నాకంటె ఈమెకు తీరిక లేదు. అయినా పోతది" అన్నారు.

మొదటి క్లాసులో నేను పుస్తకం తెరిచి చదివాను. పిల్లలు తలలు వంచుకుని రాసుకున్నారు. గంట కొట్టారు, వెళ్లిపోయారు. ఆ రోజంతా నాకు ఏదో తప్పు చేసినట్టుగా ఉంది. నా మాటలో మర్రిగూడ యాస ఎక్కడ వినిపిస్తుందో అని భయపడి, నాకు రాని భాషలో మాట్లాడానని తర్వాత అర్థమైంది. రెండో రోజు పుస్తకం మూసి బల్ల మీద పెట్టి అడిగాను.

"మీ ఇండ్లల్ల ఎవరికన్న రంది పట్టిందా ఎప్పుడన్న?"

ముందు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. ఆ గంటలో నేను చెప్పింది తక్కువ.

రోగి చరిత్ర అడగడం నేర్పడానికి ఒకరిని రోగిగా, ఒకరిని అసిస్టెంట్‌గా కూర్చోబెట్టేదాన్ని. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చాలా శ్రద్ధగా, "మీకు నిరాశా నిస్పృహలు ఉన్నాయా?" అని అడిగింది. రోగి వేషంలో ఉన్న దేవరకొండ పిల్లవాడు గంభీరంగా, "గవి మా దుకాణంల లెవ్వు మేడం" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మళ్లీ మొదలుపెట్టి, "నిద్ర మంచిగ వడ్తుందా?" అని అడిగింది. అంతే, రోగి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఒక ఏడు కాన్పు తర్వాత వచ్చే జబ్బుల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ పక్క ఊరి అమ్మాయిని గుర్తుచేసుకున్నాను. అప్పటికి ఆమె పాప బడికి వెళుతోంది. మేడంను అడిగాను, తర్వాత ఆమెను అడిగాను. ఇష్టం లేకపోతే రావద్దని చెప్పాను.

"వస్త అక్కా. మా అత్త గూడ వస్తనంటుంది" అంది.

ఇద్దరూ వచ్చారు. ఆమె బల్ల దగ్గర నిలబడి, మొదట కొంగు వేలికి చుట్టుకుంటూ, తర్వాత చెయ్యి వదిలి, తనకు జరిగింది జరిగినట్టు చెప్పింది. పిల్లలు కలాలు పక్కన పెట్టి విన్నారు. అడగాల్సింది ఏమైనా ఉంటే అడగండి అన్నాను. చివరికి వెనక బెంచీలోంచి మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. వాళ్ల అమ్మానాన్నలు మట్టిపనికి దేశాలు పట్టి తిరిగినవాళ్లు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పేది కాదు.

"అప్పుడు మీ పాపను ఏమన్న చెయ్యాలనిపించిందా అక్కా?"

కొందరు పిల్లలు ఆ అమ్మాయి వైపు కోపంగా చూశారు. నేను జోక్యం చేసుకోబోయాను. పాప తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"అనిపించింది చెల్లే. గీ అక్క అడిగింది, చెప్పిన. అడగకపోతె నేను చెప్పేదాన్ని గాదు. చెప్పకపోతె ఏమయ్యేదో నాకు తెలుసు."

వెనక నుంచి అత్త అంది. "మేమెవ్వలం అడగలె. అడగాలని మాకు తెల్వదు. మీరు అడగుర్రి బిడ్డా."

క్లాసు అయిపోయాక ఆ మహబూబ్‌నగర్ అమ్మాయి నా కోసం మెట్ల దగ్గర ఆగి ఉంది.

"మా తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మకు గిట్లనే అయింది మేడం. పనికి పోయిన ఊళ్లె, డేరాల. ఎవ్వరూ అడగలె. అమ్మకు తనంతట తనకే తగ్గింది గని, గప్పటి ముచ్చట ఇప్పటికీ చెప్పుకోదు."

"ఇప్పుడు నువ్వు అడుగుతవా?" అన్నాను.

"అడుగుత" అంది.

సెలవులకు వెళ్లి అడిగిందట. తల్లి ముందు కోప్పడిందట, తర్వాత చాలాసేపు చెప్పిందట. అంతకుమించి ఆ పిల్ల నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోర్సు అయ్యాక ఆ అమ్మాయి మహబూబ్‌నగర్‌లో ఒక మానసిక వైద్యుడి దగ్గర చేరింది. మొదట్లో తరచూ ఫోన్ చేసేది. ఒక రోగి అసలు మాట్లాడటం లేదని, ఏం చెయ్యాలని అడిగేది. కూర్చో అనేదాన్ని. తర్వాత్తర్వాత ఫోన్లు తగ్గాయి. నాకు సంతోషమే.

ఇప్పుడు నేను ఉదయం కాలేజీలో చెబుతాను, మధ్యాహ్నం నుంచి ఆసుపత్రిలో ఉంటాను. మేడం కూడా వస్తారు, కానీ ఎక్కువసేపు కూర్చోలేరు. నేను చదువు చెప్పినవాళ్లు సూర్యాపేటలో, రామన్నపేటలో, మహబూబ్‌నగర్‌లో ఉన్నారు. ఎవరో ఒకరు నల్లగొండ వచ్చినప్పుడు ఆసుపత్రికి వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తమ రోగుల గురించి పేర్లు చెప్పకుండా చెబుతారు. అప్పుడప్పుడు ఇద్దరం కలిసి మేడం గదిలోకి వెళ్లి అడుగుతాం. ఆమెకు అదంటే చాలా ఇష్టం.

పోయిన నెల ఆ మహబూబ్‌నగర్ అమ్మాయిని మా కాలేజీలో ఒక పాఠం చెప్పమని పిలిచాను. నీలం చీర కట్టుకుని వచ్చింది. నేను వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నాను. ఆమె పుస్తకం తేలేదు. మహబూబ్‌నగర్ యాసలో, ఏమాత్రం తడబడకుండా, వలస నుంచి తిరిగి వచ్చిన ఒక కూలీతో మాట్లాడిన తీరు చెప్పింది. అతను తన గుబులు గురించి నోరు విప్పడానికి ముందు, డేరాల్లో ఎట్లా వంట చేసుకునేవాళ్లో ఆమె అడిగిందట. ఆ ప్రశ్న నాకు ఎప్పటికీ తట్టేది కాదు. నా పక్కన కూర్చున్న పిల్లవాడు గబగబా రాసుకుంటున్నాడు. నేను కూడా వాడిని అడిగి ఒక కాగితం తీసుకుని, ఆమె చెప్పింది రాసుకున్నాను.